తొండి, తగువు, మళ్లీ ఆట

ఏడు పెంకులాటకు ఏడు పెంకులు, ఒక బంతి చాలు. కానీ జట్లు ఎవరు వెయ్యాలి, గీత ఎంత దూరంలో గియ్యాలి, బంతి తలకు తగిలితే ఔటా కాదా అన్నవి తేలితే గానీ ఆట మొదలవదు. ఒక్కోరోజు అవి తేలేసరికే చీకటి పడుతుంది. పెద్దవాళ్లకు అది వృథా గొడవ. నన్నడిగితే పిల్లలు నలుగురితో మెలగడం నేర్చుకునేది ఆ గొడవలోనే.

ముందు పంటలు వేసుకుంటారు. అందరూ ఒక్కసారిగా చేతులు వెల్లకిలా, బోర్లా వేస్తారు. వేరుగా పడినవాడు పండు, చివరికి మిగిలినవాడు దొంగ. కండబలమున్నవాడికైనా, బంతి తెచ్చినవాడికైనా ఇదే పద్ధతి. ముఖం మాడ్చుకున్నా సరే, దాగుడుమూతల్లో దొంగ కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టాల్సిందే.

ఇంతలో ఒక అక్క చిన్న తమ్ముణ్ణి వెంటేసుకుని వస్తుంది. వాణ్ణి వదిలేస్తే ఇంట్లో తిడతారు, చేర్చుకుంటే ఆట చెడుతుంది. అందుకని వాణ్ణి ఆటలో అరటిపండు చేస్తారు. వాడూ పరిగెత్తుతాడు, కేకలేస్తాడు, బంతి తగిలినా ఔటవడు. ఆ సంగతి వాడికి తెలియనివ్వకుండా ఆడించడం అంత తేలికేం కాదు, పెద్దవాళ్లలోనే చాలామందికి చేతకాదు. కొన్నాళ్లకు వాడే ‘నేను అరటిపండు కాదు’ అని తిరగబడతాడు. ఆ రోజు నుంచి వాడికీ ఔట్ ఉంటుంది.

స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే గోళీలాడే పిల్లల దగ్గరికి వెళ్లి, ఆట తనకు నేర్పమని అడిగాడు. తెలుసుకున్నది 1932లో పుస్తకంగా వచ్చింది. ఆట నియమాలు పెద్దలో దేవుడో పెట్టినవి, మార్చకూడదని చిన్నవాళ్లు నమ్మారు. కాస్త పెద్దవాళ్లేమో అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఈ తెలివి పెద్దల ఆజ్ఞల వల్ల కాక, సాటివాళ్లతో కలిసి ఆడుతూ, వాదించుకుంటూ వస్తుందని పియాజే తేల్చాడు.

మన వీధిలో అది రోజూ కనిపించేదే. తొండి ఆడినవాణ్ణి గెంటేస్తే జట్లు సమానంగా ఉండవు. అలిగి ఇంటికి పోతే సాయంత్రమంతా ఒంటరిగా కూర్చోవాలని వాడికీ తెలుసు. కాసేపు అరుచుకుని, ‘సరే, మళ్లీ వెయ్యి’ అంటారు. కోచ్ ఈల ఊదే మైదానంలో ఈ అవసరమే రాదు, తీర్పు ఆయనే చెప్పేస్తాడు. కోచింగ్ వద్దనను. వీధి ఆట పని మాత్రం అది చెయ్యదు.

బడిలో ఆడించే ఆటల్లో నా ఓటు ఖోఖోకి. తరిమేవాళ్లలో ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. లేచినవాడు మధ్య గీత దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. ఎంత వేగం ఉన్నా కూర్చున్నవాడి వీపు తట్టి ‘ఖో’ అని తన వంతు ఇచ్చేయాల్సిందే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచకప్‌లో పురుషుల, మహిళల కప్పులు రెండూ మనవే.

ఆడటానికి చోటేదంటారా? ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా అపార్ట్‌మెంట్‌లో రెండంతస్తులు అద్దెకు తీసుకుని నడిచే బడులు మనకు కొత్త కాదు. చీకటి పడకముందే ఆడపిల్లల్ని లోపలికి పిలిచే ఇళ్లలో వాళ్లకు ఆ కాస్త ఆటా దక్కదు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. ‘ఇక్కడ ఆడరాదు’ బోర్డు తీయించమని మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ను అడగండి. సాయంత్రం ఒక గంట కార్లు పక్కకు పెట్టించండి. కిందికి అబ్బాయిలతో పాటు అమ్మాయిల్నీ పంపండి. ఏడుస్తూ వస్తే దెబ్బ తగిలిందేమో చూడండి. రోజూ అందరూ కలిసి ఒక్కణ్ణే ఏడిపిస్తుంటే తప్పక కలగజేసుకోండి. మిగతా తగువులకు మాత్రం మీరు మెట్లు దిగి రాకండి.