మారిషసు దీవిలోని పాటమేళములు

దేశము చిన్నదైనంతమాత్రమున దాని పాటయు చిన్నది కానక్కరలేదు. హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుదెసను మారిషసు అను ద్వీపదేశము కలదు. దాని వైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 12 లక్షలకు పైచిలుకు. ఒక్క మన విశాఖపట్టణ నగరమునందలి జనముకంటెను ఈ సంఖ్య తక్కువ. అయినను ఆ దీవిలో క్రియోలు, భోజపురి, తమిళము, తెలుగు, మరాఠీ, ఫ్రెంచి మున్నగు పెక్కు భాషల పాటలు వినవచ్చుచున్నవి. ఒక్కొక్క జాతి తన వెంట తెచ్చుకొన్న పాటకు ఒక్కొక్క మేళమును కట్టుకొన్నది.

సముద్రమున కావలనున్న మేళములతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. పని యున్నది. ఆ దీవిలోని తెలుగులు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. మన కొండమీది స్వామి అంతదూర మెట్లు పోయెను? ఆయనను పాడిన గొంతులు నిలిచినవా, మూగవోయినవా? ఈ సంగతి తెలిసికొన్నచో మన యిండ్లలోని పాటలను గూర్చియు మనకు కొంత తెలివి కలుగును.

మారిషసునకు చెఱకుతోటలే చిరకాలము జీవనాధారము. ఫ్రెంచివారును, 1810 తరువాత ఆంగ్లేయులును దాని నేలిరి. ఆఫ్రికా తీరమునుండియు మడగాస్కరునుండియు మనుష్యులను పట్టి తెచ్చి, బానిసలుగా చేసి పని చేయించిరి. 1835వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన అచ్చట దాస్యము రద్దయ్యెను. అందులకు ముందే, 1834లో, తోటల యజమానులు హిందూదేశమునుండి అగ్రిమెంటు కూలీలను రప్పింప మొదలిడిరి. ఇరువదవ శతాబ్దారంభమువరకు అట్లు చేరినవారు నాలుగున్నర లక్షలకు మించిరి. వారిలో బీహారు ప్రాంతపు భోజపురివారే అధికులు. మన వైపునుండి విశాఖపట్టణము, గంజాము, గోదావరి జిల్లాల పేదలు పోయిరి. కాకినాడకు చేరువనున్న కోరంగి రేవున ఓడ నెక్కినవారగుటచేత తెలుగులకు ఆ దీవిలో కోరంగివారను పేరే కలిగినది. పోర్టులూయీ పట్టణమున కూలీలు దిగిన రేవును నేడు ఆప్రవాసి ఘాటు అందురు. అచ్చటి పదునారు రాతిమెట్లను ఎక్కియే వారు క్రొత్త బ్రతుకున ప్రవేశించిరి. 2006లో ఆ స్థలము ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది.

ఒక్క సంగతి మనము గమనింపవలెను. తొలినాళ్ల ఓడలలో స్త్రీలు మిక్కిలి తక్కువ. స్త్రీ లేని చోట జోలపాట యెక్కడిది? నలుగుపాట యెక్కడిది? భాషను ఉగ్గుతో పోయు చేయి లేనిచో ఆ భాష యెంతకాలము నిలుచును?

ఇక మేళముల సంగతి. ఆ దీవికి తలమానికమైన పాట సెగా. అది బానిసలు పుట్టించినది. వారికి భూమి లేదు, ఇల్లు లేదు. పేరు సైతము యజమానుడు పెట్టినదే. పగలెల్ల తోటపని, రాత్రి మంటచుట్టు చేరి పాట. ఆ పాటకు మూడు వాద్యములు. మొదటిది రవాన్. పేరు విని రావణుని తలపోయవలదు. అది వెడల్పైన కొయ్యచట్రమునకు మేకతోలు బిగించిన డప్పు. వాయించుటకు ముందు దానిని మంటకు చూపి కాచుదురు. మన డప్పుగాండ్రు చేయునదియు ఇదియే. తేమకు సడలిన తోలు వేడిమికి బిగిసి స్వచ్ఛముగా పలుకును. రెండవది మరవాన్, చెఱకు పూకాడలతో కూర్చిన పలుచని పెట్టె. లోపల గింజలుండును, రెండు చేతుల పట్టి ఊపినచో గలగలలాడును. మూడవది ఇనుప త్రికోణము. భరతముని వాద్యములను తత, సుషిర, అవనద్ధ, ఘనములని నాలుగు తెగలుగా విభజించెను. ఈ నిరుపేదల మేళమున తంత్రియు లేదు, పిల్లనగ్రోవియు లేదు. తోలు బిగించిన అవనద్ధమును, తాడనముచేతనో కదలికచేతనో మ్రోగు ఘనమును, ఈ రెండు తెగలే కలవు. అయిన నేమి? గీతము, వాద్యము, నృత్తము మూడును కూడినదే సంగీతమని శార్ఙ్గదేవుడు చెప్పెను గదా! సెగాయందు ఈ మూడును విడదీయరానివి. ఆడువారును మగవారును పాదములను నేలనుండి ఎత్తక, నేల రాయుచు, నడుము కదలించుచు ఆడుదురు.

యజమానులకును మతాధికారులకును ఈ పాట గిట్టలేదు. అనాగరికమనిరి; అసభ్యమనిరి. పెద్దయిండ్ల వాకిట దానికి చోటు లేకుండెను. అట్టి పాటకు గౌరవము తెచ్చినవారిలో అగ్రగణ్యుడు జాన్ అల్ఫోన్స్ రవాటోన్ (1900–1992). అందరును ఆయనను తి ఫ్రేర్, అనగా చిన్నతమ్ముడు అని పిలిచెడివారు. 1964లో లె మోర్న్ అనుచోట జరిగిన సెగా ఉత్సవరాత్రి ఆయనను సెగాకు రాజుగా ఎన్నుకొనిరి. 2014లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సాంస్కృతిక సంస్థ ఈ సంప్రదాయ సెగాను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. నేలమీద మంటవెలుగున పుట్టిన పాట దేశమునకే పతాకమైనది.

1968 మార్చి 12వ తేదీన మారిషసు స్వతంత్రమైనది. ఆ పిమ్మటి దశాబ్దమున యువకులు క్రొత్త మేళములు కట్టిరి. వానిలో ఒకదాని పేరు సొలే రూజ్, అనగా ఎఱ్ఱని సూర్యుడు. దాని వెనువెంట రామ్ జొగనా, నితీశ్ జొగనా అను సోదరుల లతానియే మేళము ప్రసిద్ధికెక్కినది. వారు భారతీయ సంతతివారైనను అందరికిని తెలిసిన క్రియోలు భాషలో కూలివారి కష్టములను, సమ్మెలను పాడిరి. మన యాంధ్రదేశమున 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథ దళములను, విశాఖ ఓడల కర్మాగారమున పనిచేసి జనులకై పాటలు కట్టిన వంగపండు ప్రసాదరావుగారిని (1943–2020) ఎఱిగిన మనకు ఈ రీతి క్రొత్తది కాదు. చెమటోడ్చు చోటనే పాట పుట్టుట అచ్చటను ఇచ్చటను ఒక్కటియే.

1980లలో కాయా అను పేరుతో పాడిన జోసెఫ్ రెజినాల్డ్ తొపీజ్ అను గాయకుడు సెగాకు జమైకా దీవివారి రెగేను జతపఱచి సెగ్గే అను నూతన ఫణితిని ప్రచారమునకు తెచ్చెను. ఆయన మేళము పేరు రసీన్ తతాన్. 1999 ఫిబ్రవరి 21వ తేదీన ఆయన పోలీసు నిర్బంధములో మరణించెను. దానితో కొన్ని దినములు దీవియంతయు అల్లకల్లోలమైనది. పలుజాతులు ఒక్కచోట పాడుచున్నంతమాత్రమున వారి నడుమ కలతలు లేవని తలపరాదు. ఒకరి గాయకుని మరణము ఎందఱి గుండెలలోని గాయమును కదల్చునో ఆనాడు వెల్లడియైనది. కసియా మేళము, భోజపురి భాషలో సెగా పాడిన భోజపురి బాయ్స్ మేళము మున్నగునవియు ప్రజల నోళ్లలో నిలిచినవి. మఱియొక వంక, సముద్రతీరపు హోటళ్లలో యాత్రికుల వినోదార్థము సెగాను కుదించి, రంగురంగుల పావడాలతో ముస్తాబుచేసి ప్రదర్శించుచున్నారు. నిందయే గాక మెప్పును పాటకు ఆపద తేగలదు.

ఇంతవరకు చెప్పినవన్నియు వీధి మేళములు. మనకు మిక్కిలి దగ్గఱి మేళము వేఱొకటి కలదు. అది పెండ్లియింటి మేళము, అందున్నవారు గృహిణులు. భోజపురి స్త్రీలు పెండ్లికి ముందు జరుపు ఈ వేడుకకు గీత్ గవాయి అని పేరు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు చేరుదురు. ఐదుగురో ఏడుగురో ముత్తైదువలు ఒక వస్త్రమున పసుపు, బియ్యము, గఱిక, నాణెములు ఏర్చి పెట్టుచుండగా తక్కినవారు దేవతలను పాడుదురు. ఆపై పెండ్లికొడుకు తల్లియో, పెండ్లికూతురు తల్లియో డోలకును పూజించును. పిదప డోలకుతోపాటు చెంబు, పళ్లెము, చెంచాలు సైతము తాళమునకు పలుకును. వంటయింటి పాత్రలే వాద్యములు! భక్తిపాటలు ముగిసి పరిహాసపు పాటలు మొదలగును. ముసలి, పడుచు అందఱును లేచి ఆడుదురు. ఈ వేడుకయు 2016లో పైని జెప్పిన పట్టికలో చేరినది. నేడు అచ్చట ఈ పాటలను నేర్పుటకు పల్లెలలో పాఠశాలలు నడుపుచున్నారు. తల్లివద్ద కూతురు నేర్చుట తగ్గిపోవుచున్నదని ముందుగా గుర్తించినవారు ఆ గృహిణులే యగుట మెచ్చదగినది.

మన తెలుగుల సంగతి యేమైనది? తోటలలో వారు కొద్దిమందిగా చెదరియుండిరి. చుట్టును భోజపురి, పిమ్మట క్రియోలు. తరములు గడచినకొలది ఇంటి మాట మాఱిపోయినది. కాని పాట మిగిలినది. దీపస్తంభమును నడుమనుంచి, తాళములతో, మృదంగముతో దానిచుట్టు తిరుగుచు రాత్రి పొడవున చేయు రామభజన నేటికిని వారికి ప్రాణతుల్యము. ఇంటిలో క్రియోలు మాటలాడువారు ఆ రాత్రి తెలుగున రాముని పిలుతురు. అమ్మోరి పండుగయు, అప్పన్న పూజయు జరుపుకొందురు. అచ్చట ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. బడులలో తెలుగు నేర్పుదురు. మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నతవిద్యకును అవకాశము కలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగినవి. వీనికన్నిటికిని మూలము పుస్తకము కాదు; పదిమంది కూడి పాడిన భజన.

ఇందువలన నాకు తోచిన దొక్కటి. ఒక్కరు పాడిన పాట ఒక్కరితో పోవును. మేళము కట్టిన పాట తరములు దాటును. ఒకరు చరణము మఱచినచో పక్కవారు అందుకొందురు. పెద్దది ఎత్తుకొన్నచో చిన్నది వంత పాడుచు తెలియకయే నేర్చుకొనును. భాష మఱచిన నోరు సైతము మేళములో చేరినప్పుడు మాటను తిరిగి తెచ్చుకొనును.

ఈ గీటురాతిమీద మన యిండ్లను పరీక్షింతము. పసుపు దంచునపుడు సువ్విపాట, నలుగు పెట్టునపుడు నలుగుపాట, తలుపు దగ్గఱ వదినామరదండ్ర సంవాదము, అప్పగింతల పాట, మంగళహారతి, ఇవన్నియు మన గీత్ గవాయియే గదా! నేదునూరి గంగాధరముగారివంటి పెద్దలు ఊరూర తిరిగి జానపదుల పాటలను సేకరించి అచ్చువేయించిరి. వారికి మన నమస్సులు. కాని పుస్తకమున పదము దొరకును, వరుస దొరకదు. వరుస గొంతునుండి గొంతునకే పోవలెను.

మన మధ్యతరగతి యిండ్లలో ఆడపిల్లకు సంగీతము చెప్పింతురు. ఎందులకు? పెక్కు తావుల పెండ్లిచూపులకై. అందులకై నేర్చిన కీర్తన పెండ్లితో ముగియును. పెట్టెలో పెట్టిన శ్రుతిపెట్టె మఱల బయటికి రాదు. కోడలు నలుగురిలో గొంతెత్తిన తప్పనువారు ఇంకను లేకపోలేదు. మఱి పెండ్లిపందిటిలో? మా వీధిలో ఇటీవల జరిగిన యొక పెండ్లిలో నలుగుపాట వచ్చిన వృద్ధురాలు ఒక్కతెయే యుండెను. ఆమె పల్లవి యెత్తుకొనుటయు, శబ్దయంత్రము నడుపు కుఱ్ఱవాడు సినిమాపాట పెట్టుటయు ఒక్కసారియే జరిగెను. ఆపుమని చెప్పినవారు లేరు. ఆమె నవ్వి, నలుగుపిండి పళ్లెమును పక్కనున్న పిల్లకిచ్చి, కూర్చుండెను. ఆ పళ్లెము అందుకొన్న పిల్లకు పాట అందలేదు.

సినిమాపాటయు పాటయే, దానిని నేను దూషింపను. కాని దానిని వినుటకు మన గొంతుతో పనిలేదు. ఓడనెక్కి, దేశము విడిచి, భాష పోగొట్టుకొనియు భజనను విడువనివారు ఒకవంక. సింహాచలము కనుచూపుమేర నుండగా, తెలుగు నోటనుండగా, పాటను యంత్రమునకు అప్పగించు మనము ఒకవంక. ఎవరు ప్రవాసులో ఆలోచింపుడు.

సోదరీమణులారా! చేయవలసినది పెద్దపని కాదు. రాబోవు శుభకార్యమున పసుపు కొట్టు వేళ అరగంట యంత్రము నాపింపుడు. ఇంటి పెద్దలచేత పాడించి, పదమును వ్రాసికొనుడు. చేతిఫోనులో వరుసను పట్టియుంచుడు. అంతటితో నిలువక, శుక్రవారము సాయంకాలము ఒకరి వసారాలో నలుగురు చేరి ఆ పాటనే మఱల పాడుడు. కోడండ్రను పిలువుడు; పనిచేయు పిల్లను గడపదగ్గఱ నిలుపక పక్కన కూర్చుండబెట్టుడు; ఆమెకు మనకంటె ఎక్కువ పాటలు వచ్చియుండును. శ్రుతి కుదరలేదని సిగ్గుపడవలదు. తాళమునకు పళ్లెమును చెంచాయు చాలును.