అన్నము – ఎరుక

కొల్లేటి చేపల పులుసుతో తెల్లని అన్నము కలుపుకొని, బడి గంటకు వెరచి నాలుగు ముద్దలు మ్రింగి లేచువారు ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో తక్కువగా లేరు. పులుసు కలపని ఒక్క ముద్దను నెమ్మదిగా నమిలి చూడుడు; కొంతసేపటికి తియ్యగా నుండును. లాలాజలములోని అమైలేజు అను ఎంజైము పిండిపదార్థమును మాల్టోజు అను చక్కెరగా మార్చుటయే ఇందుకు కారణము. కడుపు నిండినదను సూచన మెదడుకు చేరుటకు సుమారు 20 నిమిషములు పట్టును. త్వరపడువాడు ఆలోపల అవసరమునకు మించి తినును. మౌనముగా భుజింపుమను పెద్దల నియమము భక్తికే కాక నమలుటకును తోడ్పడినది.

తినునది ఏదో ఎరుగుటయు ముఖ్యమే. మరపట్టిన బియ్యమునకు అలవాటుపడిన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ఒకప్పుడు విస్తారముగా నుండెడిది. దానిని పరిశోధించుటకు 1918లో మెకారిసన్ కూనూరులో ఒక్క గదిలో ప్రారంభించిన శాఖయే నేడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. తవుడుతోపాటు పోవు థయమిన్ లోపించినచో కాళ్లు తిమ్మిరెక్కును, గుండె బలహీనపడును, చిరాకు, మతిమరపు కలుగును. చిత్రమేమనగా, తెల్లదనమునకు మనము ధర చెల్లించి, తవుడును గేదెకు పెట్టుచున్నాము! పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసినచో మిగిలినదియు కొంత నీటిపాలగును. ఉప్పుడు బియ్యములో ఈ నష్టము తక్కువ. వడ్లను ఉడికించునప్పుడు ఆ పోషకము గింజలోనికి చొచ్చుకొనిపోవును.