పోటీ లేని నెలల్లో రోబో జట్టు పని



కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం మీరంతా చూసే ఉంటారు. 2008లో పుణెలో ఆ ఆటను రోబోల చేత ఆడించారు. ఆసియా, పసిఫిక్ దేశాల రేడియో, టీవీ సంస్థల సంఘం కాలేజీ విద్యార్థుల కోసం నడిపే రోబోకాన్ పోటీ అది. 2002లో టోక్యోలో మొదలైంది. ఆతిథ్యమిచ్చే దేశాన్ని బట్టి ఆట మారుతుంది. 2015లో ఇండోనేషియాలో బ్యాడ్మింటన్ ఆడించారు. 2024లో వియత్నాంలో వరి నాటించి, కోయించారు. 2025లో మంగోలియాలో బాస్కెట్‌బాల్.

"వచ్చే ఏడు ఏ ఆటో తెలియకుండా ఇప్పుడేం చేస్తాం?" అంటారు పిల్లలు. న్యాయమైన ప్రశ్నే. కాని బంతి వేసినా, నారు నాటినా, రోబో ముందు అనుకున్న చోటికి వెళ్ళి ఆగాలి కదా! ఖాళీ నెలల్లో చూసుకోవలసింది అదే.

నేలమీద సుద్దతో రెండు మీటర్ల చదరం గీయండి. పాత రోబోను దాని వెంట పదిసార్లు తిప్పండి. బయల్దేరిన చోటికి ఎటువైపు, ఎంత దూరంలో ఆగిందో ప్రతిసారీ కొలిచి రాసుకోండి. ఎప్పుడూ ఒకే వైపుకు, ఒకే మేర తప్పుతోందంటే చాలావరకు చక్రం కొలతలోనో, చక్రాల మధ్య దూరంలోనో లెక్క తేడా ఉంటుంది. అంకె సరిచేస్తే సరిపోతుంది. ఒక్కోసారి ఒక్కో వైపు పోతోందంటే మాత్రం చక్రం జారుతోందేమో, ఏ మరైనా వదులైందేమో చూడాలి. వదులైన మరను ప్రోగ్రాముతో బిగించబోయి వారాలు పోగొట్టుకునే జట్లున్నాయి!

మోటార్ల కోసం పాత రోబోను విప్పేయాలనిపిస్తుంది. డబ్బు తక్కువైన కాలేజీలకు తప్పదు కూడా. అలాగైనా చక్రాల చట్రాన్ని మాత్రం ఉంచండి.

అసలు నష్టం మరొకటి ఉంది. నాలుగో సంవత్సరం వాళ్ళు వెళ్ళిపోతారు. ఏ తీగ ఎందుకు అలా తిప్పారో, ప్రోగ్రాములో ఒక అంకె ఎందుకు అంతే పెట్టారో, ఆ సంగతులూ వాళ్ళతోనే పోతాయి. వాళ్ళుండగానే రెండో సంవత్సరం పిల్లల చేత వైరింగు మొత్తం విప్పించి, మళ్ళీ కట్టించాలి. పెద్దవాళ్ళు చేయి పెట్టకూడదు, అడిగితేనే చెప్పాలి. ఆగిన చోటల్లా పిల్లలు నోటుపుస్తకంలో రాసుకోవాలి. తెలుగో, కన్నడమో, ఒడియానో, మీలో మీరు మాట్లాడుకునే భాషలోనే రాయండి. ఇంగ్లీషు వాక్యం కుదరక తెల్లగా మిగిలిన పేజీలు ఎన్నో!

ఇక బ్యాటరీ. లిథియం పాలిమర్ బ్యాటరీ నిండితే సెల్లుకు 4.2 వోల్టులుంటుంది. నిండుగానో, ఖాళీగానో నెలల తరబడి వదిలేస్తే పాడవుతుంది. దాచేటప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, నెలకోసారి మీటరు పెట్టి చూడండి. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగుకు పెట్టవద్దు, అంటుకునే ప్రమాదముంది. హాస్టల్లో మంచం కింద అసలే దాచవద్దు.