కలుపు మందు – కాలము, నేల, తోడు మందు

“మందు చల్లితిమి, కలుపు చావలేదు” అను మొర మా గ్రామసీమల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో తరచుగా కనబడును. మందు నాసిరకమైనది కావచ్చును. కాని పెక్కు సందర్భములలో లోపము మందులో గాక, దానిని వాడిన అదనులోనో, దానితో కలిపిన తోడు మందులోనో ఉండును. ఆ సంగతిని ఇచట కొంత విచారింతము.

కలుపు మందులు ముఖ్యముగా రెండు తెరగులు. కలుపు మొలవక పూర్వము నేలపై చల్లునవి కొన్ని. మొలచిన పిదప ఆకులపై చల్లునవి కొన్ని. మొదటి వానికి నేలలో పదును ప్రాణము. మొక్కజొన్న చేనిలో అట్రజిన్ చల్లిన పిదప వాన గాని తడి గాని లేనిచో, మందు పైపొరలోనే నిలిచిపోవును. మొలకల వేళ్లకు అందదు. నల్లరేగడి నేల మందును తనలో పట్టి ఉంచును. ఇసుక నేలలో అది సులభముగా లోనికి దిగి, పైరు వేళ్లకు సైతము హాని చేయవచ్చును. అందువలననే మోతాదు నేలను బట్టి మారుచుండును.

ఇక ఆకులపై చల్లు మందుల మాట. బెట్టకు వాడిన మొక్క ఆకుపై మైనపు పొర దట్టమగును. లోపలి రసప్రసారము మందగించును. మందు లోనికి చొరదు, చొచ్చినను వేళ్లకు చేరదు. చల్లిన వెంటనే వాన కురిసినచో మందు కడుగుకొనిపోవును. బురదనీటిలో కలిపిన గ్లైఫోసేటు మట్టికణములకు అంటుకొని శక్తిని కోల్పోవును. గాలి వీచునపుడు 2,4-డి చల్లినచో తుంపరలు పొరుగువాని ప్రత్తిచేనిపై పడును. ప్రత్తి ఆ మందుకు ఏ మాత్రము ఓర్వలేదు. ఆకులు వికారముగా ముడుచుకొని, కాపు తగ్గును. ఇది మన పంటకే గాక, ఇరుగుపొరుగుల మైత్రికి కూడ సంబంధించిన విషయము.

ఒక మందు గడ్డిని, మరియొకటి వెడల్పాకు మొక్కలను చంపును గదా, రెండును కలిపినచో ఒక్క కూలితో పని తీరునని తోచుట సహజము. కొన్ని జంటలు చక్కగా పొసగును. మొక్కజొన్నలో అట్రజిన్, మెసోట్రయోన్ కలిసినపుడు ఒకదాని బలము మరియొకదానికి తోడగును. కాని ఫెనాక్సాప్రాప్ వంటి గడ్డి మందుతో 2,4-డిని కలిపినచో గడ్డి మందు బలము తగ్గి, ఊద బ్రతికిపోవచ్చును.

ప్రొపానిల్ కథ ఇంకను వింతయైనది. వరిమొక్కలో ఈ మందును విరిచివేయు ఎంజైము సమృద్ధిగా కలదు. ఊదలో అది బహు స్వల్పము. అందుచేతనే ఊద చచ్చి వరి నిలుచును. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగు మందులు ఆ ఎంజైమును అణచివేయును. రెండింటిని కలిపి గాని, వెనువెంట గాని చల్లినచో వరియే మాడిపోవును. పైరును కాపాడబోయి పైరునే చంపుకొనుట యన్న మాట!

కావున కలుపు మిగిలినపుడు వెంటనే మోతాదు పెంచుట తగదు. నేల పదును, కలుపు వయస్సు, గాలి, మబ్బు, కలిపిన నీరు, తోడు మందు – ఈ ఆరింటిని ముందుగా పరికింపవలెను. డబ్బాపై అనుమతింపని మిశ్రమమును వ్యవసాయాధికారి నడుగక కలుపరాదు. లేత కలుపుపై, తగిన పదునులో చల్లిన సరియైన మోతాదు, ముదిరిన కలుపుపై కురిపించిన రెట్టింపు మందు కన్న మేలు.