పారిస్‌లో సాయంత్రం... చీటీ డబ్బుతో!

మన సినిమాల్లో పారిస్ పోవడానికి ఎంతసేపు? కథానాయిక కళ్లు మూసుకుంటే చాలు! చున్నీ గాల్లో ఎగురుతుంది. ఆ చున్నీ కింద పడేటప్పటికి వెనకాల ఏదో యూరప్ వీధి! 'దూకుడు' (2011) మనల్ని ఇస్తాంబుల్ తిప్పింది. 'ఇద్దరమ్మాయిలతో' (2013) బార్సిలోనా చూపించింది. 'నాన్నకు ప్రేమతో' (2016) లండన్‌లో కూర్చోబెట్టింది. తిరుపతిలో టిక్కెట్టు కొని, పాప్‌కార్న్ పొట్లం ఖాళీ అయ్యేలోగా అన్నీ చూసి ఇంటికొచ్చేశాం.

మరి నిజంగా వెళ్లాలంటే? అదీ సెలవులు మొదలయ్యాక, నెలన్నర ముందు గుర్తొస్తే? అదీ ఉద్యోగం లేని నాలాంటి విలేకరి, పెళ్లాం, ఎనిమిదేళ్ల కూతురు, డెబ్బై ఏళ్ల తండ్రితో? ఆ ముచ్చటే మీకు చెప్పబోతున్నాను. లెక్కలతో సహా చెబుతాను. మీలో ఎవరికైనా పనికొస్తుంది.

కోరిక ఎవరిది?

పారిస్ పిచ్చి నాది కాదు, మా నాయనది. బంగారుపాళెం దగ్గర ఆయనకు నాలుగెకరాల మామిడి తోట. చిత్తూరులో బడికి పోయే రోజుల్లో 'యాన్ ఈవెనింగ్ ఇన్ ప్యారిస్' చూశాడట. శక్తి సామంత తీసిన 1967 నాటి హిందీ బొమ్మ అది. షమ్మీ కపూర్, షర్మిలా టాగోర్. హిందీ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఊరు మాత్రం కళ్లల్లో ఉండిపోయింది. ఎవరైనా విమానం మాటెత్తితే చాలు, "పోతే ప్యారిస్‌కే పోవాలప్పా" అనేవాడు.

2025 ఏప్రిల్ మధ్యలో నా చీటీ పాట నాకొచ్చింది. చేతికి 3 లక్షల 20 వేలు. పాస్‌పోర్టులు అంతకు ముందే తీసి పెట్టుకున్నాం. మా ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమెకు, పాపకు వేసవి సెలవులు. "మే నెలాఖర్లో పోయొద్దాం. కాయ కోత మొదలయ్యేలోగా మామయ్య తోటకొచ్చేస్తాడు" అంది. పక్కా ప్లాను అనుకున్నాం!

ముందు ఏది, వెనక ఏది?

విమానం టిక్కెట్లు ముందుగా కొంటే చవక అని అందరూ చెబుతారు. నేనూ కొనేయబోయాను. ఆపింది మా ఆవిడే. "వీసా రాకపోతే?" అంది. ఆ ఒక్క ప్రశ్న మా కొంపను ఎలా కాపాడిందో ముందు ముందు చూస్తారు.

ఫ్రాన్సుకు పోవాలంటే షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. ఆరేళ్ల లోపు బుడతలకు ఉచితం. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. విమానానికీ, బసకూ రిజర్వేషన్లు చూపిస్తే చాలు.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. అసలు చిక్కు ఎక్కడంటే, దరఖాస్తు ఇవ్వడానికి చెన్నైలో రోజు దొరకాలి! వేసవిలో జనం పోటెత్తుతారు. ఏప్రిల్ మూడో వారంలో మేము చూస్తే, నలుగురికీ కలిపి దొరికిన మొదటి తేదీ మే 14. దాని మీద పదిహేను రోజులు కలిపితే ప్రయాణం జూన్‌లో పడింది. జూన్ అంటే మామిడి కోత! నాయన క్యాలెండరు కేసి చూశాడు. ఏమీ అనలేదు.

అద్దె డబ్బు కావాలా బాబూ?

ఈలోగా ఒక ఏజెంటు తగిలాడు. నాకు జీతం చీటీ లేదు కదా, పత్రికలు పంపే పారితోషికాలే ఆధారం. ఒక నెల పది వేలు, ఒక నెల నలభై. నా పాస్‌బుక్ చూసి నవ్వాడు.

"ఇట్లా అయితే వీసా రాదు సార్. మీ ఖాతాలో ఐదు లక్షలు మేమే వేస్తాం. వీసా వచ్చినాక తీసేసుకుంటాం. వడ్డీ ఇస్తే చాలు. హోటల్ కాగితాలు కూడా మేమే పుట్టిస్తాం."

అబద్ధం చెప్పను, మనసు ఊగింది! ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. "అడిగిన దొర ముందర, వేరేవాడి డబ్బు నాదని ఎట్లా చెప్పేదిరా? నాకొద్దు ఆ ప్యారిస్" అన్నాడు. అంతే, ఏజెంటుకు దణ్ణం పెట్టేశాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఖాతాలోకి హఠాత్తుగా ఊడిపడిన మొత్తాన్ని వాళ్లు ఇట్టే పట్టేస్తారు. కాగితం దొంగదని తేలితే ఈసారే కాదు, ఆ తర్వాత పెట్టే దరఖాస్తులకూ ఆ మచ్చ అడ్డం వస్తుంది. నేను ఉన్నదున్నట్టు పెట్టాను. మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, పత్రికల ఉత్తరాలు, చీటీ కట్టిన రసీదులు, మా ఆవిడ జీతం చీటీలు, స్కూలు ఇచ్చిన సెలవు లెటరు, నాయన పట్టాదారు పాసుపుస్తకం. "ఈ 3 లక్షల 20 వేలు చీటీ డబ్బు" అని ఒక పేజీ ఉత్తరం కూడా జతచేశాను.

మే 14న సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై. పాపకు పన్నెండేళ్లు నిండలేదు గనుక వేలిముద్రలు అక్కర్లేదన్నారు. నాయన వేళ్లు మాత్రం మిషనుకు ఒక పట్టాన అందలేదు. యాభై ఏళ్లు తోటలో అరిగిన వేళ్లు! నాలుగోసారికి పడ్డాయి. "చూస్తివా, నా చెయ్యి ప్యారిస్‌కు నచ్చలే" అని నవ్వాడు.

మే 28న పాస్‌పోర్టులు వచ్చాయి. నాలుగింటిలోనూ వీసా!

మూడు టిక్కెట్లు

ఇంట్లో పండగ. నాయన మాత్రం పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూసుకుని, బల్ల మీద పెట్టేశాడు.

"మీరు ముగ్గురూ పొయ్యి రాండి. ఈ యేడు గుజ్జు ఫ్యాక్టరీలు ఇంకా తలుపు తెరవలే. ధర ఎంతో చెప్పేవాడు లేడు. కాయ కోసేటప్పుడు నేను యాడికి వచ్చేది?"

మా ఆవిడ బతిమాలింది. "వారం రోజులే కదా మామా!" పాప ఏడ్చింది. ఆయన కదల్లేదు. ఆయన భయం ఉత్తది కాదని తర్వాత లోకమంతా చూసింది. ఆ జూన్‌లో చిత్తూరు తోతాపురి ధర కుప్పకూలింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని, అందులో ఫ్యాక్టరీ 8, సర్కారు 4 ఇచ్చేలా ప్రకటించాల్సి వచ్చింది. ట్రాక్టర్ల మీద కాయ పెట్టుకుని రైతులు రోజుల తరబడి క్యూలో నిలబడ్డారు.

నేను మే 29న కొన్నవి మూడు టిక్కెట్లే. ఏప్రిల్‌లోనే నాలుగూ కొని ఉంటే? నాయన టిక్కెట్టు 56 వేలు గంగలో కలిసేవి. ఆఖరి నిమిషంలో కొన్నందుకు ఎక్కువే పడింది, నిజమే. కానీ ఆ ఎక్కువ ఈ పోగొట్టుకునేదాని కన్నా తక్కువ. కాగితం చేతికొచ్చేదాకా డబ్బు కట్టొద్దు. బస మాత్రం రద్దు చేసుకుంటే రూపాయి పోని రకం బుక్ చేయండి.

సంచీలో ఏముండాలి?

నాయన ఒక బుట్ట కాయ తెచ్చాడు. తీసుకుపోవడానికి వీల్లేదు! యూరప్‌లోకి మొక్కల ఆరోగ్య ధృవపత్రం లేకుండా మామిడి పండు పోదు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ పండ్లకు మాత్రమే మినహాయింపు. 2014లో పురుగుందని మన మామిడిని యూరప్ మొత్తం నిషేధించి, 2015లో ఎత్తేసింది కూడా. మన చిత్తూరు గుజ్జు మాత్రం డబ్బాల్లో ఎక్కి దర్జాగా యూరప్ పోతుంది!

నెయ్యి డబ్బా కూడా బయటికి తీశాం. పాల సరుకులు, మాంసం సరుకులు కుదరవు. ఊరబిండి, కందిపొడి, చింతకాయ పచ్చడి, బియ్యం, ఒక చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు. ఇవి మా ఆస్తి.

పారిస్‌లో పొదుపు

మేం దిగింది జూన్ 2, సోమవారం. సోమవారమే ఎందుకంటారా? అక్కడ మెట్రో, బస్సు, రైలు అన్నిటికీ చెల్లే వారం పాసు సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్క. గురువారం దిగితే మూడు రోజులు వృథా! 2025లో దాని ధర 31 యూరోల 60 సెంట్లు. ఎయిర్‌పోర్టు ప్రయాణం కూడా అందులోనే. ఊరి బయట బస చేసినా అదే పాసు. అందుకే నగరం నడిబొడ్డు వదిలేసి, ఉత్తరాన శివారులో వంటగది ఉన్న గది తీసుకున్నాం. రాత్రికి 80 యూరోలు. ఆ రోజుల్లో యూరో వంద రూపాయలకు కాస్త తక్కువ.

ఈఫిల్ టవర్ లిఫ్టుకు పెద్ద క్యూ, పెద్ద ధర. మెట్ల టిక్కెట్టు చవక. రెండో అంతస్తుకు 674 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన తిరుపతివాళ్లకు 674 ఒక లెక్కా? పక్కన తెల్లవాళ్లు రొప్పుతుంటే మా పాప పరుగెత్తింది!

2019లో కాలిపోయి, 2024 డిసెంబరులో తిరిగి తెరిచిన నోటర్‌డామ్ చర్చిలోకి పోవడం ఉచితం. లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్ల లోపువారికి టిక్కెట్టు లేదు. మేం పెద్దవాళ్లకు 22 యూరోలు కట్టాం. 2026 జనవరి నుంచి యూరప్ బయటివాళ్లకు 32 చేశారు, గుర్తుపెట్టుకోండి. మంగళవారం సెలవు.

రెండో రోజుకే పాపకు ఇడ్లీ మీద బెంగ. గార్ దు నోర్ స్టేషను వెనకాల, లా షపెల్ దగ్గర శ్రీలంక తమిళుల బజారు ఉంది. మల్లెపూలు, కరివేపాకు, దోసె! వినాయకుడి గుడి కూడా ఉంది. ఏటా వేసవి చివర్లో ఆ స్వామికి పారిస్ వీధుల్లో రథోత్సవం చేసి, రోడ్డు మీద కొబ్బరికాయలు కొడతారు. ఫ్రెంచి రాక వారమంతా మూగవాడిలా తిరిగిన నేను అక్కడ నోరు విప్పాను. చిత్తూరువాడికి తమిళం రాకపోవడమేమిటి?

సినిమా పుట్టిన గుమ్మం

ఇక మనలాంటి సినిమా పిచ్చివాళ్ల కోసం దాచిపెట్టిన ముక్క. ఒపేరా మెట్రోలో దిగి నాలుగడుగులు వేస్తే కాపుసిన్ బులవార్డు, 14వ నంబరు. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి బొమ్మ ఆడించింది ఈ భవనంలోని గ్రాండ్ కేఫ్ నేలమాళిగలో. టిక్కెట్టు ఒక ఫ్రాంకు. వచ్చిన జనం 33 మంది! పది చిన్న చిన్న బొమ్మలు. రైలు మీదికొస్తుంటే జనం పారిపోయారని చెప్పుకుంటామే, ఆ రైలు బొమ్మ ఆ రోజు జాబితాలోనే లేదు. ఆ గది పేరు తెలుసా? 'సలోన్ ఇండియన్'. ఇండియా గది! ఏడు నెలలు తిరక్కుండానే, 1896 జులై 7న, వాళ్ల బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడాయి.

గోడకు ఒక ఫలకం తప్ప ఇప్పుడక్కడ ఏమీ లేదు. అయినా చెప్పులు విడవాలనిపించింది.

అక్కడి నుంచే నాయనకు వీడియో కాల్ చేశాను. మాకు సాయంత్రం ఆరు, ఆయనకు రాత్రి తొమ్మిదిన్నర. తోటలో కాపలా పడుకున్నాడు. ఫోన్ తిప్పి వీధంతా చూపించాను.

"ఇదేనా ప్యారిస్ సాయంత్రం? ఇంత ఎండ ఉండాదే!"

"ఇక్కడ పదింటిదాకా పొద్దు గూకదు నాయనా."

కాసేపు చూసి, "ఇంకొంచెం అట్లా తిప్పు" అన్నాడు. ఛార్జింగు అయిపోయేదాకా తిప్పాను.

లెక్క తేలింది

వీసాలు నలుగురికి, సేవా రుసుముతో 38 వేలు. బీమా 5 వేలు. విమానం ముగ్గురికి 1 లక్షా 68 వేలు. బస ఆరు రాత్రులు 48 వేలు. పాసులు, పాప టిక్కెట్లు 9 వేలు. తిండి 21 వేలు. చూసినవాటికి 8 వేలు. చిల్లర 8 వేలు. మొత్తం 3 లక్షల 5 వేలు. జూన్ 12న బళ్లు తెరిచేలోగా ఇంట్లో ఉన్నాం. మిగిలిన 15 వేలు తోట కూలీలకు ఇచ్చాం. ఆ నెల అది పెద్ద మొత్తమే.

తృప్తిగా ఉందా అంటే, మూడొంతులు ఉంది. నాలుగో వంతు నాయన బీరువాలో, వాడని వీసా అంటించిన పాస్‌పోర్టులో ఉంది. తప్పు నాదే. చీటీ ఏప్రిల్‌లో వస్తుందని నాకు జనవరిలోనే తెలుసు. చెన్నైలో తేదీ అప్పుడే పట్టుకుని ఉంటే, ఆయన మే నెలలో పారిస్ చూసి, జూన్‌లో తోటలో ఉండేవాడు. ఆఖరి నిమిషపు ప్రయాణంలో డబ్బు పొదుపు చేయొచ్చు గానీ, పోయిన రోజుల్ని పొదుపు చేయలేం.

ఒక మంచి కబురు. ఆ వేలిముద్రలు 59 నెలల పాటు వాళ్ల దగ్గర భద్రం. అంటే 2030 ఏప్రిల్ దాకా నాయన మళ్లీ ఆ మిషనుతో కుస్తీ పట్టే పని లేదు. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో దిగగానే ఫోటో, వేలిముద్రలు తీసే పద్ధతి వచ్చింది, అది వేరే సంగతి. కోతలన్నీ అయ్యాక, ఆ వినాయకుడి రథం కదిలే రోజులకు పోదామని ఆయనకు చెప్పాను.

"కాయ ధర చూసి చెప్తా" అన్నాడు.

ఈసారి మాత్రం చెన్నై తేదీ నేనే ముందు చూసి పెడతాను!