సాక్షి లేని సంధి

లంకలోను, నల్లమల నీడలోను దాదాపు ఒకే కాలమున చిగురించి, ఒకే కాలమున వాడిన రెండు శాంతియత్నముల కథ

శ్రీహరికోట నుండి ధ్రువకక్ష్యకు బయలుదేరు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నేరుగా దక్షిణమునకు పోదు. ఆ దారిలో శ్రీలంక యున్నది. కాలి జారిపడు దశలు జనావాసములపై రాలరాదు గనుక, వాహనము మొదట ఆగ్నేయముగా సముద్రము మీదికి సాగి, ద్వీపమును కుడివైపున విడిచి, పిమ్మట దక్షిణమునకు మరలును. ఈ వంపునకై అదనముగ ఇంధనము వెచ్చింపవలసి యుండుటచే కక్ష్యకు చేర్పగల బరువు కొంత తగ్గును. అయినను ఆ నష్టమును మన శాస్త్రజ్ఞులు ముందే లెక్కలో వ్రాసికొని, ఉపగ్రహమును గమ్యమునకు చేర్చుచున్నారు.

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ ఒదిగిన ఈ దీవిపై నిలిచినవానికి లంక కంటికి కానరాదు గాని మనసునకు దూరము కాదు. తడ దాటినంతనే తమిళనాడు. సూళ్లూరుపేట వీధులలో తెలుగును తమిళమును ఒకే నోట వినవచ్చును. 1991 మే 21 సాయంకాలము విశాఖపట్టణమున విమానమెక్కి మద్రాసున దిగిన రాజీవ్ గాంధీ, ఆ రాత్రియే శ్రీపెరుంబుదూరులో లంక తమిళ పులుల మానవబాంబునకు బలియైనపుడు, కడలి కావలి మంట ఎంత దూరము ప్రాకగలదో ఈ సీమవారు కన్నులార చూచిరి. రాకెట్టు లంకను తప్పించుకొని పోగలదు; లంక కలహము మనలను తప్పించుకొని పోలేదు.

ఆ కలహమున శాంతికై జరిగిన యత్నమును గూర్చి వ్రాయబూనినపుడు, అదే యేండ్లలో మన యింట జరిగిన మరియొక యత్నము జ్ఞప్తికి రాక మానదు. 2002 మొదలు 2005 వరకు లంకలో పులులతోను, ఆంధ్రప్రదేశమున నక్సలైట్లతోను ప్రభుత్వములు మాటలాడినవి. రెండుచోట్లను తుపాకులు కొంతకాలము దిగినవి. రెండుచోట్లను మరల లేచినవి. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదివినగాని, సంధి ఎచ్చట తెగునో బోధపడదు.

పద్దులు నిండిన పుస్తకము

2002 ఫిబ్రవరిలో, ప్రధాని రణిల్ విక్రమసింఘే ప్రభుత్వమునకును వేలుపిళ్లై ప్రభాకరన్ నాయకుడుగా గల పులుల సంస్థ ఎల్.టి.టి.ఇ.కిని నడుమ, నార్వే మధ్యవర్తిత్వమున కాల్పుల విరమణ ఒప్పందము కుదిరెను. దానిని కనిపెట్టి చూచుటకు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్లాండ్ దేశస్థులతో పర్యవేక్షక బృందమొకటి ఏర్పడెను. జాఫ్నా, మన్నారు, వవునియా, ట్రింకోమలి, బట్టికలోవా, అంపార జిల్లాలలో ఐదుగురేసి సభ్యులతో స్థానిక సంఘములు వెలసినవి: ప్రభుత్వము పక్షమున ఇద్దరు, పులుల పక్షమున ఇద్దరు, విదేశీయుడొకడు. మన పల్లెలలో గట్టు తగాదా వచ్చినపుడు ఇరువైపుల పెద్దలను కూర్చుండబెట్టి, రెండిండ్లతోను చుట్టరికము లేని పెద్దమనిషి నొకని నడుమ నుంచు పద్ధతికి ఇది దూరమైనది కాదు.

ఆరు విడతలుగా చర్చలు జరిగినవి. 2002 సెప్టెంబరున థాయ్‌లాండ్‌లోని సత్తహిప్‌లో ఆరంభమై, డిసెంబరున ఓస్లోలో సమాఖ్య వ్యవస్థను పరిశీలింతుమను అంగీకారమువరకు వచ్చి, 2003 మార్చిలో జపానులోని హకోనేలో ఆగిపోయినవి. ఏప్రిల్‌లో పులులు బల్ల వద్దనుండి లేచిపోయిరి. ఒప్పందము మాత్రము కాగితముపై నిలిచియే యుండెను. దాని క్రింద ఉల్లంఘనల పట్టిక పెరుగుచు వచ్చెను. 2007 ఏప్రిల్ నాటికి పర్యవేక్షకులు నిర్ధారించిన ఉల్లంఘనలలో పులులవి 3,830, ప్రభుత్వమువి 351. బాలురను పటాలములలో చేర్చుకొనుట, అపహరణములు, హత్యలు, బెదిరింపులు: అన్నియు తేదీలతో సహా వ్రాయబడినవి. పద్దుల పుస్తకమునకు సహజమైన లోపమొకటి కలదు. ఒక బాలుని ఎత్తుకొనిపోవుటయు ఒక ఊరిపై ఫిరంగులు కురిపించుటయు అందులో పద్దులే. సంఖ్య తెలియును గాని తూకము తెలియదు. అంతకు మించిన లోపము, ఆ పుస్తకమును వ్రాసినవారికి ఒప్పందమును వ్యాఖ్యానించు అధికారమే గాని, తప్పు చేసినవానిని నిలువరించు బలము లేకుండుట.

2006 మేలో ఐరోపా సమాఖ్య ఎల్.టి.టి.ఇ.ని ఉగ్రవాదుల పట్టికలో చేర్చగా, ఆ సమాఖ్యకు చెందిన మూడు దేశముల పర్యవేక్షకులును వెడలిపోవలెనని పులులు పట్టుపట్టిరి. సెప్టెంబరు నాటికి వారు వెడలిరి. 2008 జనవరి 2న, ఒప్పందమున వ్రాసికొన్న విధముననే 14 దినముల గడువిచ్చి, ప్రభుత్వము దానిని రద్దు గావించెను. తక్కిన షరతులన్నియు చీలికలైన ఆ పత్రమున, అక్షరాల పాటింపబడినది రద్దు షరతు. 2009 మేలో ముల్లివైక్కాల్ ఇసుకలలో యుద్ధము ముగిసెను.

అలిపిరి నుండి మంజీర వరకు

లంకలో ఒప్పందము కుదిరిన 2002లోనే, మన రాష్ట్రమునందు నక్సలైట్ల పక్షమైన పీపుల్స్ వార్‌తో మాటలు కలుపుటకు మొదటి యత్నము జరిగి, దూతల సమావేశములు దాటకయే సన్నగిల్లెను. మరుసటి యేడు అక్టోబరు 1న, తిరుమల బ్రహ్మోత్సవములకు పట్టువస్త్రములు సమర్పింప కొండకు పోవుచున్న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు వాహనముపై అలిపిరి వద్ద పీపుల్స్ వార్ అమర్చిన క్లేమోర్ మైన్లు ప్రేలినవి. ఆయన గాయములతో బయటపడెను. గోవిందనామము తప్ప మరొకటి వినిపింపని పాదాలమండపపు దారిలో ఆ ధ్వని విన్న తిరుపతివారు, అడవిలోని యుద్ధము అడవికే పరిమితము కాదని గ్రహించిరి.

అంతటి చేదు నడుమ మాటకై పూనుకొన్నవాడు ఎస్.ఆర్. శంకరన్. తమిళనాట పుట్టి, ఆంధ్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారియై, వెట్టిచాకిరి విముక్తికి పాటుపడి, బీదవాని ఇంటి గడప తొక్కుటయే పరిపాలనమని నమ్మినవాడు. 1987 డిసెంబరున తూర్పు గోదావరి మన్యములో గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయనయు ఒకడు. బందీగా ఉండి వచ్చినవాడు పగ పట్టక, 1997లో పొత్తూరి వెంకటేశ్వరరావు, కె.జి. కన్నబిరాన్, హరగోపాల్ ప్రభృతులతో పౌర స్పందన వేదికను నిలిపి, పోలీసు చేతి హత్యనైనను దళము చేతి హత్యనైనను ఒకే గొంతుతో ప్రశ్నించుట మొదలిడెను.

2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము వచ్చినంతనే గాలి మారెను. జూన్‌లో కాల్పులు నిలిచినవి. జూలైలో పీపుల్స్ వార్ మీది నిషేధము గడువు తీరగా దానిని పొడిగింపలేదు. అక్టోబరున, అప్పటికి మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్ వార్ పక్షమున రామకృష్ణ మొదలగు నాయకులు నల్లమలనుండి వెలికివచ్చి, గుత్తికొండ బిలము వద్ద జనసముద్రమును చూచి, హైదరాబాదున మంజీర అతిథిగృహమున విడిసిరి. 15 నుండి 18 వరకు నాలుగు దినములు, హోంమంత్రి కె. జానారెడ్డి మొదలగువారు ఒకవైపు, మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులు మరియొకవైపు, శంకరన్ బృందము నడుమ. భూమి పంపకమును గూర్చి మాటలు సాగినవి. కొలదికాలమునకు ప్రభుత్వము కోనేరు రంగారావు అధ్యక్షతన భూసంఘమును నియమించుటకు ఆ మాటలే బీజము. ఆయుధముకడకు వచ్చుసరికి మాట ఆగిపోయెను. తుపాకితో ఊళ్లలో తిరుగరాదని ప్రభుత్వము. తుపాకి విడుచుట చర్చలలో భాగము కాదని వారు.

ఇరుపక్షములు చేవ్రాలు చేసిన విరమణ పత్రము వెలువడలేదు. ఇరువురును కట్టుబడదగిన పర్యవేక్షక సంఘము కార్యరూపము దాల్చలేదు. కావున 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మరల మొదలైనపుడు, ప్రతి మృతదేహము ప్రక్కను రెండే కాగితములు నిలిచినవి: పోలీసు ప్రకటన ఒకటి, మావోయిస్టుల లేఖ ఒకటి. పల్లెకు పోయి, పంచనామా చూచి, ఇది వీరి తప్పు అని చెప్పదగిన మూడవ కాగితము లేదు. ఆ నెలలోనే వారు చర్చలనుండి వైదొలగిరి.

ఒకే అల, మూడు తీరములు

ఈ రెండు సంధులును ఊగిసలాడుచున్న వేళ, 2004 డిసెంబరు 26 ఉదయమున సముద్రము లేచెను. లంకలో 30,000కు పైగా ప్రాణములు పోయినవి; నాడు శ్రీహరికోట చేరియున్న నెల్లూరు తీరమునను గుడిసెలు కొట్టుకొనిపోయినవి. ఇండోనేషియాలోని ఆచే సీమ సర్వనాశనమయ్యెను. అచ్చటను దాదాపు ముప్పదియేండ్ల వేర్పాటు యుద్ధమే. 2005 ఆగస్టు 15న హెల్సింకిలో మధ్యవర్తి మార్టి అహ్తిసారి ఎదుట ఆచేవారును ప్రభుత్వమును ఒడంబడికపై సంతకము చేసిరి. వివాదము తెగనిచో పర్యవేక్షక బృందపు అధిపతి చెప్పిన తీర్పు ఇరువురకు శిరోధార్యమని అందులో వ్రాసికొనిరి. ఆ యేడు ముగియులోగా తిరుగుబాటుదారులు 840 ఆయుధములను అప్పగించిరి. ఆచే తిరుగుబాటు అలసియుండెను, అలకు చితికియుండెను, నిజమే. కాని లంకయు చితికినదే గదా. సహాయపు సొమ్మును ఉమ్మడిగా పంచుకొందమన్న పత్రము కూడ అక్కడ న్యాయస్థానమున చిక్కుపడెను.

అదే ఆగస్టు 12న కొలంబోలో విదేశాంగమంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్ కాల్చబడెను. అదే 15న, హెల్సింకిలో సంతకములు జరిగిన నాడే, పాలమూరు సీమ నారాయణపేటలో శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి కుమారునితో సహా మావోయిస్టుల తూటాలకు కూలెను. 17న రాష్ట్రమున నిషేధము మరల వచ్చెను.

ఖాళీయైన కుర్చీలు

మంజీర నాటి ఆసనములు నేడు చాలవరకు శూన్యములు. జనశక్తి ప్రతినిధి రియాజ్ 2005లోనే ఎన్‌కౌంటరున పోయెను. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న చిత్తూరు జిల్లాకు వచ్చుచు, ఏ అడవినుండి ఆ నాయకులను మాటకు రప్పించెనో ఆ నల్లమలలోనే హెలికాప్టరు కూలి మరణించెను. శంకరన్ 2010 అక్టోబరున కన్నుమూసెను. రామకృష్ణ 2021లో రోగముతో గతించెను. ఆనాడు ఆయన సరసన కూర్చున్న గాజర్ల రవి 2025 జూన్‌లో మారేడుమిల్లి ప్రాంతమున ఎన్‌కౌంటరులో మరణించెను.

చిత్తూరు సీమలో వేసవి వచ్చినంతనే ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లవద్ద పదునెనిమిది దినములు భారతము నడచును. పగలు హరికథ, రాత్రి నాటకము. రాయబారపు రాత్రి మైదానము నిండిపోవును. సంధి పొసగదని ఎరిగియు జనము తెల్లవార్లు కనురెప్ప వాల్పరు. తుదినాడు దుర్యోధనుని మట్టిబొమ్మ ఊరి బయట పడియుండును. రాయబారము నడచిన ఆ కౌరవసభలో సాక్షులకేమి కొదవ? భీష్ముడు కలడు, ద్రోణుడు కలడు, విదురుడు కలడు. ఎవనిది తప్పో వారందరు ఎరుగుదురు. ఎరిగినదానిని అమలుపరుపగలవాడు లేడు. లంక సంధి ఆ సభవంటిది. మన సంధికి ఆ సభయైనను లేదు.

ఇకమీద ప్రభుత్వమును సాయుధులును ఏ బల్లకు ఎదురెదురుగా కూర్చున్నను, భూమి, ఆయుధము, అధికారము అను పెద్ద మాటలకు ముందు ఒక చిన్నమాట తేల్చుకొనవలెను: రేపు ఊరి పొలిమేరలో తుపాకి ప్రేలినచో, విచారింపబోవువా డెవడు, అతని మాట ఇరువురిని కట్టివేయుట యెట్లు? శ్రీహరికోటలో వంపు తిరుగుటకు కావలసిన ఇంధనమును ప్రయోగమునకు ముందే నింపుదురు. నింగికి లేచిన పిమ్మట నింపుటకు వీలులేదు.