ఆ మాత్ర ఎవరిచ్చారు?

మనవాడు దొరికితే ‘పాపం, తెలియక వేసుకున్నాడు’. ఎదుటి జట్టువాడు దొరికితే ‘నాకు మొదట్నుంచీ అనుమానమే’. ఫుట్‌బాల్‌లో డోపింగ్ మాట వినిపించినప్పుడల్లా అభిమానుల మధ్య నడిచే వాదన ఇదే. ముప్ఫై ఏళ్లు దాటినా తెగని ఆ పంచాయితీ కథ...

2023 ఆగస్టు 20. ఇటలీలోని ఉడినె పట్టణం. లీగ్ మ్యాచ్‌లో జువెంటస్ జట్టు 3-0తో ఉడినీస్‌ను ఓడించింది. జువెంటస్ మిడ్‌ఫీల్డర్ పాల్ పోగ్బా ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. సబ్‌స్టిట్యూట్‌గా బెంచీ మీద కూర్చుని సహచరుల ఆట చూశాడంతే. మ్యాచ్ అయ్యాక మూత్రం నమూనా ఇమ్మన్నారు. ఇచ్చి ఇంటికెళ్లిపోయాడు.

మూడు వారాలకు కబురొచ్చింది. నమూనాలో టెస్టోస్టిరాన్ ఆనవాళ్లున్నాయి. అదీ ఒంట్లో పుట్టింది కాదు, బయట నుంచి వచ్చింది. సెప్టెంబరు 11న తాత్కాలికంగా సస్పెండ్ చేశారు. 2018 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ తరఫున గోల్ కొట్టినవాడు, 2016లో మాంచెస్టర్ యునైటెడ్ అప్పటికి ప్రపంచ రికార్డు ధర పెట్టి కొనుక్కున్నవాడు... ఒక్కరోజులో నిందితుడైపోయాడు.

ఇక అభిమానులు ఊరుకుంటారా! ‘ఆడని మ్యాచ్‌కి మందెందుకేసుకుంటాడు?’ అని ఒక వర్గం. ‘ఏడాదిగా గాయాలతో మూలనపడ్డాడు, తొందరగా కోలుకోవాలని వాడి ఉంటాడు’ అని ఇంకో వర్గం. రెండిట్లోనూ సబబుంది. విచిత్రమేంటంటే, ఎవరు ఏ వర్గమో తెలుసుకోవాలంటే వాళ్ల వాదన వినక్కర్లేదు... ఒంటి మీది జెర్సీ చూస్తే చాలు!

కర్బనం చెప్పిన సాక్ష్యం

టెస్టోస్టిరాన్ ప్రతి మగవాడి ఒంట్లోనూ ఉండేదే కదా, బయటదని ఎలా చెప్పారన్న సందేహం మీకూ వచ్చి ఉంటుంది. దాని వెనక చక్కటి సైన్సుంది. ప్రకృతిలో కర్బనం రెండు తూకాల్లో దొరుకుతుంది. ఒకటి మామూలుది, రెండోది కాస్త బరువైనది. మనం తినే రకరకాల తిండిని బట్టి ఒంట్లో తయారయ్యే హార్మోన్లలో ఈ రెండూ ఒక పాళ్లలో ఉంటాయి. మందుల కంపెనీలేమో ఈ హార్మోన్‌ను ఎక్కువగా సోయా లాంటి మొక్కల నుంచి తీసిన ముడిసరకుతో చేస్తాయి. అందులో బరువైన కర్బనం పాలు తక్కువ. ప్రయోగశాలలో ఆ తేడా పట్టుకుంటే చాలు, సరకు ఇంటిదో బయటిదో తెలిసిపోతుంది.

తెలియనిదల్లా ఒక్కటే. ఆటగాడు దాన్ని తెలిసి మింగాడా, తెలియక మింగాడా? ఆ సంగతి ఏ యంత్రమూ చెప్పదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఓ డాక్టరు రాసిచ్చిన సప్లిమెంట్ వాడానన్నాడు పోగ్బా. అందులో డీహెచ్ఈఏ అనే పదార్థం ఉంది. అది ఒంట్లోకి వెళ్లి టెస్టోస్టిరాన్‌గా మారుతుంది. అమెరికాలో దాన్ని ఏ చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కోవచ్చు. క్రీడాకారులకు మాత్రం నిషిద్ధం. ఇటలీ ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో నాలుగేళ్ల నిషేధం విధించింది. ముప్ఫయ్యో ఏట నాలుగేళ్లంటే ఇంటికి పొమ్మన్నట్టే. అప్పీలుకు వెళ్తే స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం అదే ఏడాది అక్టోబరులో దాన్ని పద్ధెనిమిది నెలలకు తగ్గించింది. కావాలని చేయలేదని నమ్మింది. అయినా, వృత్తి ఆటగాడై ఉండి ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాల్సిందని మొట్టికాయ వేసింది.

అభిమానులు పొరబడేది ఇక్కడే. వాళ్ల తగువంతా ‘మోసగాడా, అమాయకుడా’ అని. నిబంధన ముందు అడిగేది అది కాదు. నీ ఒంట్లో దొరికిందా లేదా? దొరికితే బాధ్యత నీదే. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నవి తర్వాతి ముచ్చట్లు. అవి శిక్ష తగ్గించడానికి పనికొస్తాయంతే. పైగా స్టెరాయిడ్ల లాంటి వాటిలో, కావాలని చేయలేదని నిరూపించుకోవాల్సిందీ ఆటగాడే. దొంగతనం కేసులో పోలీసులు నేరం రుజువు చేయాలి. ఇక్కడ కథ తిరగబడుతుంది.

ట్యూరిన్ పాత ఫైలు

పోగ్బా సంగతి బయటపడగానే ఇటలీలో చాలామందికి ఓ పాత ఫైలు గుర్తొచ్చింది. అదే ట్యూరిన్ నగరం, అదే జువెంటస్ క్లబ్బు. పాతికేళ్ల వెనకటి మాట.

1998 ఆగస్టు. రోమా జట్టు కోచ్ జ్డెనెక్ జేమన్ ఒక వారపత్రికతో మాట్లాడుతూ, ఫుట్‌బాల్ మందుల షాపుల్లోంచి బయటికి రావాలన్నాడు. జువెంటస్ ఆటగాళ్లు వియల్లి, డెల్‌పియరోల కండలు పెరిగిన తీరు తనకు ఆశ్చర్యం కలిగించిందన్నాడు. వాళ్లిద్దరూ మండిపడ్డారు. అది నోటి మాటగా పోయేదేమో కానీ, ట్యూరిన్‌లో రాఫెలె గ్వారినియెల్లో అనే ప్రాసిక్యూటర్ ఉన్నాడు. ఆయన ఫైలు తెరిచాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ముందు రోమ్‌లోని డోపింగ్ పరీక్షల ప్రయోగశాల పరువు పోయింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల నమూనాలకు జరగాల్సిన పరీక్షలన్నీ అక్కడ జరగడం లేదని తేలింది. ఆ దెబ్బకు ఇటలీ ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు రాజీనామా చేశాడు.

తర్వాత జువెంటస్ క్లబ్బులో సోదాలు జరిగాయి. అక్కడ దొరికిన మందులు ఎన్ని రకాలో తెలుసా? 281! చిన్నపాటి ఆసుపత్రిలో ఉన్నన్ని. వాటిలో చాలావరకు నిషేధిత జాబితాలో లేనివే. ఉదాహరణకు డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దాని పేరు మీరు వినే ఉంటారు. అలాగే క్రియాటిన్. దాన్ని వాడినట్టు జినెదిన్ జిదానే కోర్టులో చెప్పాడు. అదీ నిషిద్ధం కాదు.

మరి తప్పేముంది? ప్రాసిక్యూటర్ వాదన మరోలా ఉంది. జబ్బు లేని కుర్రాళ్లకు, జబ్బు కోసం కాకుండా ఆట కోసం, వైద్యం అవసరాన్ని మించి మందులిస్తే అది మోసం కాదా అన్నాడు. 1994 నుంచి 1998 వరకూ ఆ క్లబ్బు మూడుసార్లు ఇటలీ లీగ్, 1996లో యూరప్ చాంపియన్స్ లీగ్ గెలిచింది. అంటే పందెంలో ఉన్నది ఒక డాక్టరు ఉద్యోగం కాదు, ఆ కప్పులన్నీ.

2002లో విచారణ మొదలైంది. 2004 నవంబరులో క్లబ్బు డాక్టరు రికార్డో అగ్రికోలాకు 22 నెలల జైలుశిక్ష పడింది. 2005 డిసెంబరులో అప్పీలు కోర్టు నిర్దోషి అంది. 2007 మార్చిలో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం రక్తాన్ని చిక్కబరిచే మందు వాడారన్న ఆరోపణ నిలవదంది. మిగతా మందుల విషయంలో మాత్రం అప్పీలు కోర్టు తీర్పును ఒప్పుకోలేదు. సరే, మళ్లీ విచారణ జరపాలిగా? జరగలేదు. అప్పటికే కాలపరిమితి దాటిపోయింది!

దాంతో ఎవరికి కావలసిన ముక్క వాళ్లు పట్టుకుపోయారు. జువెంటస్ అభిమానిని అడగండి... ‘నిర్దోషులం’ అంటాడు. 1996 ఫైనల్లో పెనాల్టీల మీద ఓడిన ఆజాక్స్ అభిమానిని అడగండి... ‘గడువు ముగిసి బతికిపోయారు’ అంటాడు. తొమ్మిదేళ్ల దర్యాప్తు, మూడు కోర్టులు కలిసి వాళ్ల వాదనకు కొత్త సరుకు అందించాయే తప్ప వాదన తీర్చలేదు.

ఢాకా వీధుల్లో...

అభిమానం లెక్కలు చూడదనడానికి అంతకన్నా పాత ఉదాహరణ మారడోనా. 1994 జూన్ 21న అమెరికా ప్రపంచకప్‌లో గ్రీస్ మీద గోల్ కొట్టి, కెమెరా దగ్గరకు పరుగెత్తుకొచ్చి గుడ్లురిమి అరిచాడు. ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లు మర్చిపోరు. నాలుగు రోజులకు నైజీరియాతో మ్యాచ్. అది ముగియగానే తెల్లదుస్తుల్లో ఒకావిడ వచ్చి అతని చేయి పట్టుకుని పరీక్షకు తీసుకెళ్లింది. నవ్వుతూనే వెళ్లాడు. ఎఫిడ్రిన్ జాతి పదార్థాలు ఒకటి కాదు, అయిదు దొరికాయి. పదిహేను నెలల నిషేధం.

అర్జెంటీనాలో వాడే సప్లిమెంట్ అయిపోతే తన శిక్షకుడు అమెరికాలో అలాంటి డబ్బానే కొన్నాడనీ, అక్కడి సరకులో ఎఫిడ్రిన్ ఉన్న సంగతి తమకు తెలియదనీ మారడోనా పక్షం వాదన. తన కాళ్లు నరికేశారని టీవీలో వాపోయాడు. బంగ్లాదేశ్‌లో, అర్జెంటీనాకు ఎక్కడో భూగోళం అవతల ఉన్న ఢాకాలో, జనం వీధుల్లోకొచ్చి ఫిఫాను తిట్టారు. కుట్ర అన్నవాళ్లకు కొదవలేదు. అతను లేని అర్జెంటీనా తర్వాతి రెండు మ్యాచ్‌లూ ఓడి ఇంటిదారి పట్టింది.

డబ్బా సాకు మొదట అందరూ నవ్వి కొట్టిపారేసేదే. 2001లో ఇటలీలో వరుసగా పెద్ద ఆటగాళ్లు నాండ్రొలోన్ అనే స్టెరాయిడ్‌తో దొరికిపోయారు. ఎడ్గర్ డేవిడ్స్, జాప్ స్టామ్, ఫెర్నాండో కూటో, ఆఖరికి పెప్ గార్డియోలా. కలుషితమైన సప్లిమెంట్లే కారణమై ఉండొచ్చన్న వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల మార్కెట్లలో 634 సప్లిమెంట్లు కొని పరీక్షించింది. 94 డబ్బాల్లో, అంటే దాదాపు ఏడింట ఒకదాంట్లో, పైన చీటీ మీద రాయని హార్మోన్ పదార్థాలు కనిపించాయి. నవ్వినవాళ్లు కాస్త తగ్గారు. గార్డియోలా నాలుగు నెలల నిషేధం అనుభవించాడు. కోర్టులో ఒకసారి శిక్ష కూడా పడింది. వదలకుండా పోరాడి 2007లో అప్పీలు కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. అప్పటికి అతను ఆటకే స్వస్తి చెప్పాడు.

(జిమ్ముకెళ్తున్న మీ అబ్బాయి గదిలో అరకేజీ డబ్బా ఉందా? దాని మీద రాసింది ఒకసారి చదవండి. రాయనిది చదవలేమనుకోండి, అది వేరే సంగతి.)

భార్య మందులబ్బాయిలు

కొన్ని కేసులు వింటే నవ్వాలో జాలిపడాలో తెలియదు. మాంచెస్టర్ సిటీ డిఫెండర్ కోలో టూరే 2011లో బరువు తగ్గడానికి భార్య వాడే మాత్రలు వేసుకుని ఆరు నెలలు ఆటకు దూరమయ్యాడు. ఆజాక్స్ గోల్‌కీపర్ ఆంద్రె ఒనానా ఒంట్లో బాగోక మాత్ర వేసుకుంటే అది భార్యకు డాక్టరు రాసిచ్చిన ఫ్యూరోసిమైడ్ అయ్యింది. మనింట్లో గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు దిగడానికిచ్చే లాసిక్స్ ఉందే, అదే మందు. దాంతో ఆట మెరుగుపడదు. మూత్రం పలచబడి వేరే మందుల జాడ తెలియకుండా పోతుందని నిషేధించారు. మోసం చేసే ఉద్దేశం లేదని యూరప్ ఫుట్‌బాల్ సంఘమే ఒప్పుకుంటూ 2021లో పన్నెండు నెలలు వేసింది. అప్పీలులో తొమ్మిదయ్యాయి. తప్పు చేయలేదు, శిక్ష పడింది. ఈ మాట ఏ అభిమానికీ మింగుడుపడదు. నాకూ పడలేదు, చాలాసేపు. అయితే ‘మా ఆవిడ మాత్ర’ అంటే వదిలేస్తామని రాసిపెడితే, మర్నాటి నుంచి ఫుట్‌బాలర్ల భార్యలందరికీ జబ్బులే!

ఇంత కఠినమైన నిబంధన పెట్టినవాళ్లు తమ వైపు కూడా అంతే కచ్చితంగా ఉండాలి కదా. లివర్‌పూల్ డిఫెండర్ మమదు సాకోను అడగండి. 2016 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్ తర్వాత, కొవ్వు కరిగించే సప్లిమెంట్‌లోని హైజెనమైన్ అతని నమూనాలో దొరికింది. సస్పెన్షన్ పడింది. యూరోపా లీగ్ ఫైనల్ పోయింది. సొంత దేశం ఫ్రాన్స్‌లోనే జరిగిన యూరో కప్ కూడా పోయింది. తీరా జులైలో యూరప్ సంఘం కేసు కొట్టేసింది. నిషేధిత జాబితాలో ఆ పదార్థం పేరే లేదు! మరుసటి ఏడాది జాబితాలో చేర్చారు. సాకో ఊరుకోలేదు. అతని మీద తప్పుగా మాట్లాడినందుకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, 2020 నవంబరులో లండన్ కోర్టులో క్షమాపణ చెప్పి నష్టపరిహారం కట్టింది. పోయిన ఫైనల్‌ను ఎవరు కడతారు? ‘దొరికాడంటే దొంగే’ అని అప్పట్లో ఎగతాళి చేసిన ఎదుటి జట్ల అభిమానులకు ఆ క్షమాపణ వార్త చేరిందో లేదో.

ఇక పోగ్బా సంగతి. శిక్ష తగ్గినా జువెంటస్ అతణ్ని ఉంచుకోలేదు, 2024 నవంబరులో ఒప్పందం రద్దయింది. 2025 జూన్‌లో మొనాకో క్లబ్బు పిలిచింది. సంతకం చేస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నవంబరు 22న రెన్ పట్టణంలో, ఆట మరో అయిదు నిమిషాల్లో ముగుస్తుందనగా మైదానంలోకి దిగాడు. రెండేళ్లకు పైగా అయింది అతను మ్యాచ్ ఆడి. అప్పటికే మొనాకో చిత్తుగా ఓడిపోతోంది. వచ్చింది ఎదుటి జట్టు ఆటగాడు, ఊరేమో వాళ్లది. అయినా రెన్ జనం లేచి చప్పట్లు కొట్టారు.